ఫొటో తీసే ముందు సైకిలు స్టాండు వెయ్యండి

ఈ సంచికకి "సైకిలు మీద విజయనగరం" అని ఒక ఫొటో ఫీచర్ ఇమ్మని మన క్లబ్ ఎడిటర్ గారు అడిగారు. నా ఫోన్లో విజయనగరం ఫోల్డర్‌లో పదకొండు వందల పైచిలుకు ఫొటోలున్నాయి. "పాతిక ఇయ్యరా చాలు, లేఅవుట్ మేం చూసుకుంటాం" అన్నారు. నేను ఆరు ఇస్తున్నాను. మిగతావి ఎందుకు ఇవ్వటం లేదో చెప్పకపోతే పొగరనుకుంటారు కాబట్టి ఈ వ్యాసం. కొంచెం పొడుగే. మెస్ లైన్లో నిలబడి చదువుకోండి.

ముందు సైకిలు సంగతి. అది మా నాన్నది. అట్లాస్. ఆమదాలవలస దగ్గర మా ఊళ్ళో పద్నాలుగేళ్ళు దాని మీదే ఇల్లిల్లూ తిరిగి పాలు పోశాడు. కేన్లు వేలాడిన బరువుకి క్యారియర్ ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే ఉంటుంది. మోపెడ్ కొన్నాక దాన్ని పశువుల సాలలో గోడకి ఆనించి వదిలేశాడు. సెకండియర్లో నేను అడిగితే నాన్నకి అర్థం కాలేదు. "బండి కొనమంతావనుకున్నాన్రా. సైకిలేటి? కాలేజీలో నవ్వరేటి?" అన్నాడు. నవ్వారు కూడా. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి (పేరుకే శ్రీకాకుళం, స్టేషన్ ఉన్నది మా ఆమదాలవలసలో) పార్సిల్ వేసి తెచ్చుకున్నాను. డెబ్భై కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చేద్దామనుకున్నాను గానీ అప్పటికి అంత దమ్ము లేదు. అన్నట్టు, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లో తన చివరి ఫ్యాక్టరీని ఆపేసింది 2020 జూన్ 3న. ఐక్యరాజ్యసమితి 2018 నుంచి ప్రపంచ సైకిల్ దినోత్సవంగా జరుపుతున్న రోజు కూడా అదే. ఇంతకన్నా పుల్లని జోకు నేను వినలేదు.

నాన్న గతిలేక తొక్కిన సైకిలుని నేను సరదాకి తొక్కుతున్నాను. ఈ తేడా మొదట్లో నాకు తట్టలేదు. తట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

బైక్ మీద నలభైలో వెళ్తే విజయనగరం పావుగంటలో అయిపోతుంది. రింగు రోడ్డు, మయూరి జంక్షన్, కాంప్లెక్స్, కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం, అంతే. మన సీనియర్లు పెట్టిన రీల్స్ అన్నీ ఈ లైన్లోనే ఉంటాయి. సైకిలు మీద అదే ఊరు మూడు నెలలైనా తరగదు. ఎందుకంటే వాసనలు వస్తాయి, మాటలు వినబడతాయి, ఎత్తుగా ఉన్న చోట కాళ్ళు నొప్పెట్టి ఆగాల్సి వస్తుంది. బాబామెట్ట నిజంగానే మెట్ట అని నాకు తెలిసింది మోకాళ్ళ వల్లే. పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద వాకింగ్ చేసే పెద్దాళ్ళు ఎవరెవరి పింఛను ఎప్పుడు పడిందో చెప్పుకుంటారు. ఉల్లివీధిలో గోనెల మధ్య సైకిలు నడిపించుకుంటూనే వెళ్ళాలి, తొక్కడం కుదరదు. సంగీత కళాశాల పక్క నుంచి వెళ్తుంటే లోపల ఎవరో ఒకే వరసని పదిసార్లు వాయించి పదకొండోసారి తప్పు వాయించడం వినబడుతుంది. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది, ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్నది అక్కడే. ఘంటసాల గారు ఆ రోజుల్లో మధూకరం ఎత్తి, అంటే జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి, తిన్నారని మనందరికీ తెలుసు. ఆ వీధులేవో కనిపెడదామని ఒక ఆదివారమంతా తిరిగాను. దొరకలేదు. కానీ అరుగులున్న ఇళ్ళు ఎన్ని మిగిలాయో మాత్రం తెలిసింది. వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు.

హుకుంపేట సంగతి కూడా చెప్పాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ రోజు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలారి వల, వాటి వెనక చింతమాను చివర కూర్చున్న పూజారి గారు, ఇవన్నీ లక్ష ఫోన్లలో పడతాయి. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ మానుకి ఒక్కో అడుగుకీ వెయ్యి ఫొటోలు. కానీ అంతకు ముందు రోజుల్లో హుకుంపేటలో వడ్రంగులు ఆ మానుని చెక్కుతారు. సిరిమాను, దానికి ఇరుసుమాను. చింత చేవ మీద బాడిసె పడే చప్పుడు ఉంటుంది చూడండి, పండగంతా నాకు అదే. పోయిన ఏడు నేను వెళ్ళిన పొద్దున అక్కడ కెమెరా పట్టుకున్నవాళ్ళం ఇద్దరమే.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. ఇక్కడే ఆపేస్తే మంచి ఫొటో ఫీచర్ అయ్యేది.

నాకు ఫొటోల పిచ్చి పట్టడానికి అసలు కారణం ఒక ఫొటో లేకపోవడం. ఏడేళ్ళప్పుడు సిరిమానుకి నాన్న నన్ను విజయనగరం తీసుకొచ్చాడు. మూడు లాంతర్ల దగ్గర మా మావయ్య ఫొటో తీశాడు. అందులో నేనున్నాను, నా చేతిలో బూర ఉంది, వెనక స్తంభం మొదలు ఉంది. లాంతర్లు లేవు, ఫ్రేము పైన తెగిపోయాయి. ఎలాగూ మళ్ళీ వస్తాం కదా అనుకున్నాం. 2020 మే నెలలో, లాక్‌డౌన్ నడుస్తుండగా, ఆ స్తంభాన్ని కూల్చేశారు. అదే ఏడు కోటలో 1869 నాటి మోతీమహల్ కూడా పోయింది. తర్వాత అక్కడ ఏం కట్టినా, ఎవరు ఎవర్ని తిట్టుకున్నా, నా ఫొటోలోకి ఆ లాంతర్లు రావు. అప్పుడు నేను టెన్త్. పరీక్షలు లేవని సంబరపడుతున్నాను.

ఇంజనీరింగ్‌కి ఇక్కడికే వచ్చాక ఒకటే కంగారు. ఏది ఎప్పుడు పోతుందో తెలీదు, కనబడింది తీసెయ్. కొత్తపేటలో టేకు స్తంభాల మండువా, తీసెయ్. దాసన్నపేటలో పెంకుటిల్లు, తీసెయ్. చేపల సైకిలు, సోడా బండి, తీసెయ్. మనిషి అడ్డొస్తే మనిషితో సహా తీసెయ్. సైకిలు మీద కూర్చునే, ఒక కాలు నేల మీద ఆన్చి, ఫోన్ ఎత్తి, క్లిక్ చేసి, పెడలు తొక్కుకుని వెళ్ళిపోవడం. బైక్ వాళ్ళకన్నా నేనేదో గొప్పగా చూస్తున్నాననుకునేవాణ్ణి. నిజానికి నెమ్మదిగా పారిపోతున్నాను, అంతే తేడా.

గంటస్తంభం దగ్గర ఒక మధ్యాహ్నం సామాన్ల రిక్షాలో ఒక పెద్దాయన నిద్రపోతున్నారు. కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి, మొహం మీద తువ్వాలు సగం జారింది, వెనక ఎనిమిది పలకల గంటస్తంభం. లైట్ అద్భుతంగా ఉంది. తీశాను. బ్లాక్ అండ్ వైట్ చేశాను. "కాలం మరిచిపోయిన మనిషి" అని రాసి పెట్టాను. మన క్లబ్ పేజీ షేర్ చేసింది. రెండు రోజుల్లో నాలుగు వేల లైకులు. కింద ఏడుపు బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు. "హృదయం ద్రవించింది బ్రో" అని ఒకడు. వాడు క్యాంటీన్‌లో అన్నం పెట్టే అక్కకి ప్లేటు కూడా సరిగ్గా అందివ్వడు, అది వేరే విషయం.

మూడో రోజు మెసేజ్ వచ్చింది. మన కాలేజీ అమ్మాయే, నా జూనియర్. పేరు, బ్రాంచి రాయను. తన అనుమతితోనే ఈ మాటలు రాస్తున్నాను:

"అన్నయ్యా, ఆ ఫొటోలో ఉన్నది మా తాత. ఆయన్ని కాలమేం మర్చిపోలేదు. అన్నం తిన్నాక రోజూ గంట సేపు పడుకుంటాడు. నాలుగయ్యేసరికి లేస్తాడు. రిక్షా ఆయన సొంతం. నా హాస్టల్ డిపాజిట్ ఆయనే కట్టాడు. నిన్నట్నుంచి నా రూమ్మేట్స్ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. ప్లీజ్, తీసెయ్యండి."

"మెల్లగా మాట్లాడుతున్నారు" అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. తిట్టినా బాగుండేది. తాతగారు రిక్షా తొక్కుతారని ఆ అమ్మాయికి సిగ్గేం లేదు. నా క్యాప్షన్ చూసి అందరూ ఆమె మీద జాలి చూపించడం మొదలెట్టారు, అదీ బాధ. జాలి వచ్చాక మామూలుగా ఎవరూ మాట్లాడరు. నేను పోస్టు తీసేశాను. కానీ అప్పటికే అది ఎవరెవరి స్టేటస్‌లలో తిరిగిందో ఎవరు చెప్తారు?

ఆ వారం మా నాన్న గుర్తొచ్చాడు. పాల కేన్లతో సైకిలు తొక్కుతూ చెమటలు పట్టిన నాన్నని ఎవడో చెట్టు చాటు నుంచి తీసి "శ్రమైక జీవన సౌందర్యం" అని పెడితే? నేను కొట్టడానికే వెళ్ళేవాణ్ణి.

న్యూయార్క్‌లో బిల్ కనింగ్‌హామ్ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. నీలం కోటు వేసుకుని, సైకిలు మీద ఊరంతా తిరుగుతూ, వీధుల్లో జనం వేసుకున్న బట్టల్ని దశాబ్దాల పాటు న్యూయార్క్ టైమ్స్‌కి తీశాడు. 2016లో, ఎనభై ఏడేళ్ళ వయసులో చనిపోయాడు. ఆయన మీద ఒక డాక్యుమెంటరీ ఉంది, వీలైతే చూడండి. అందులో నన్ను పట్టుకున్న విషయం ఒకటే. ఆ పేపర్‌కి ముందు ఆయన వేరే పత్రికకి పనిచేసేవాడు. మామూలు ఆడవాళ్ళని ముచ్చటపడి తీసిన ఫొటోలకి ఆ పత్రిక వాళ్ళని వెక్కిరించే రాతలు తగిలించింది. దాంతో అక్కడ మానేశాడు. ఫొటో తనదే, రాత వాళ్ళది. అయినా ఆ తప్పు తనదే అనుకున్నాడు. నా విషయంలో రాత కూడా నాదే.

అక్కణ్ణించి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఫొటో తీయాలనిపిస్తే ముందు సైకిలు దిగి స్టాండు వెయ్యాలి. పక్క స్టాండు చాలదు. రెండు కాళ్ళ స్టాండు, వెనక చక్రం పైకి లేచేలా "టక్" మని పడాలి. నవ్వకండి. దీని వెనక లెక్కుంది. స్టాండు వేశామంటే వెంటనే పారిపోలేం. ఆ సంగతి వీధికి కూడా తెలుస్తుంది. ఆ చప్పుడుకి ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటుంది. "ఏటి బాబూ, ఎవులు కావాల?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితేనే ఫోన్ తీయాలి. సైకిలు గొప్పతనం మనం నెమ్మదిగా చూడగలగడంలో ఉందని ఇంటర్నెట్‌లో వెయ్యి మంది రాశారు. నేనైతే వీధి మనల్ని ఆపి అడగ్గలదు, అదే దాని గొప్ప అంటాను. కారుని అడగలేరు, బైక్‌ని అడిగేలోపు మలుపు తిరుగుతుంది, మన ఫెస్ట్ వీడియోకి ఎగరేసిన డ్రోన్‌ని అడగాలంటే ఆకాశం వైపు అరవాలి.

ఈ పద్ధతిలో నష్టం లేదని చెప్పను. బోలెడుంది. మా రూమ్మేట్ వాదన ఏంటంటే అడిగి తీసిన ఫొటో చచ్చిన ఫొటో అని. అడగ్గానే జనం చొక్కా సర్దుకుంటారు, బిగుసుకుపోతారు, పిల్లల్ని పిలిచి పక్కన నిలబెడతారు. నిజమే. లైట్ పోతుంది కూడా. జొన్నగుడ్డిలో ఒక బామ్మగారికి నేనెవరో, మా ఊరేదో, మా కులమేదో, నాకు సప్లీలు ఎన్నో చెప్పేసరికి ఎండ గోడ దాటిపోయింది. ఫొటో రాలేదు. మజ్జిగ వచ్చింది.

కొందరు వద్దంటారు. కొత్తపేట మండువా ఇంటావిడని అడిగాను. ఆవిడ చెప్పిన కారణం నేను ఊహించనిది. "ఇలాగే ఎవులో వచ్చి ఫొటోలు తీసుకెల్లినారు నాన్నా. ఆర్నెల్లకి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసినారు. రోడ్డు ఎడల్పంట. నివ్వు మంచోడివే, కానీ వద్దు." ఆ గీత నేను చూశాను. అరుగుని సగానికి కోస్తూ ఉంది. నాకు ఫొటో అంటే కాపాడటం. ఆవిడకి ఫొటో అంటే కొలతలు తీసుకోవడం. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ అనుభవమో వేరే చెప్పక్కర్లేదు. చట్టం ప్రకారమైతే బహిరంగ స్థలం నుంచి కనబడే కట్టడాన్ని ఫొటో తీసుకోవచ్చు, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ దానికి వీలిస్తుంది. ఆ ముక్క ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పే దమ్ము నాకు లేదు, ఉండకూడదు కూడా. పాత ఫొటోల్లో ఆ ఇల్లు ఉంది. ఈ సంచికకి ఇవ్వట్లేదు.

మరి అలా అయితే మూడు లాంతర్ల లాగా ఆ ఇల్లు కూడా ఒక్క ఫొటో లేకుండా పోవాలా? ఇక్కడ నాకు సులువైన జవాబు లేదు. పోయిన వారం మళ్ళీ వెళ్ళి, ఫొటోలు ఎక్కడా పెట్టనని, ప్రింట్లు తీసి ఆవిడకే ఇస్తానని చెప్పాను. "సంకురాత్రికి మా అబ్బాయి వస్తాడు, అడుగుతాను" అంది. ఆగుతాను. ఈలోగా గోడ పోతే పోతుంది. ఆ రిస్కు ఆవిడదే, నాది కాదు కదా.

శ్రీకాకుళం వైపు కూడా ఇదే పాఠం ఇంకో రకంగా తగిలింది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు పొందూరు వెళ్ళాను. అక్కడి ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళతో గింజల మీద పీచుని సవరిస్తారు. ఎవరు వెళ్ళినా ఆ దవడనే క్లోజప్ తీస్తారు. నేనూ అందుకే వెళ్ళాను. నూలు వడికే ఆవిడ దవడని నా ముందు పెట్టి, పక్కకి జరిగి కూర్చుంది. "నన్నెవులూ తియ్యరు బాబూ, దాన్నే తీస్తారు" అంది. కోపంగా కూడా కాదు, బస్సు టైము చెప్పినట్టు. ఆ రోజు తీసిన ఫొటోలో దవడ ఆవిడ చేతిలో ఉంది, ఆవిడ మాత్రం కెమెరాలోకి చూస్తోంది. ఆ ఆరింట్లో అదొకటి.

క్లబ్‌కి నా విన్నపాలు రెండే. ఒకటి, ఫొటో కింద కవిత్వం మానేసి వీధి పేరు, తారీకు, ఏ వైపు నుంచి తీశామో రాద్దాం. "కాలగర్భంలో కలిసిపోతున్న వైభవం" అని రాస్తే పదేళ్ళ తర్వాత అది ఏ వీధో ఎవడికీ తెలీదు. "బొంకులదిబ్బ, ఆదివారం ఉదయం, కోట వైపు చూస్తూ" అని రాస్తే పనికొస్తుంది. కన్యాశుల్కం మొదటి రంగానికి గురజాడ పెట్టిన చోటు కూడా అంత నిక్కచ్చిగా ఊరి పేరు, దిబ్బ పేరుతోనే ఉంటుంది. అందుకే ఇప్పటికీ మనం వెతుక్కుంటూ వెళ్ళగలుగుతున్నాం. ఒప్పుకున్నవాళ్ళ ఫొటోల్ని వికీమీడియా కామన్స్‌లో పెడితే రీల్‌లాగా పదిహేను సెకన్లకి పోవు. రెండు, ప్రింట్లకి డబ్బు. ఫొటో తీసిన ప్రతి ఇంటికీ ఒక ప్రింటు తీసుకెళ్ళి ఇవ్వాలి. ఫెస్ట్‌లో డ్రోన్‌కి ఇచ్చిన అద్దెలో పదో వంతు చాలు. తిరిగి వెళ్ళడం ఉందని తెలిస్తే తీసేటప్పుడే చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది. నా మీద ప్రయోగం చేసి చూశాను, పనిచేసింది.

ఇక ఆరో ఫొటో గురించి. పోస్టు తీసేసిన పది రోజులకి ఆ అమ్మాయిని అడిగి, తనతోనే గంటస్తంభం దగ్గరికి వెళ్ళాను. సారీ చెప్పడానికి వాక్యాలు తయారుచేసుకున్నాను. తాతగారు అవేమీ విననివ్వలేదు. ప్రింటు చేతికిస్తే దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "రిచ్చా బాగా పడ్డాది" అన్నారు. తర్వాత, "పడుకున్నోడి ఫొటో ఏటి బాబూ, సచ్చిపోయినోడి నాగ. ఉండు" అని లోపలికి, అంటే పక్కనున్న కిళ్ళీ కొట్టులోకి వెళ్ళి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా గుండీలు పై దాకా పెట్టుకుని వచ్చారు. రిక్షాని తువ్వాలుతో తుడిచి గంటస్తంభం వైపు తిప్పారు. సీటు మీద చెయ్యేసి నిలబడ్డారు. నాలుగు దాటింది, ఎండ సరిగ్గా ఆయన కళ్ళల్లో పడుతోంది. పక్కకి జరగమన్నాను, జరగలేదు. కింద బోల్ట్‌ల దగ్గర నుంచి పైన గంటస్తంభం కొస దాకా అన్నీ రావాలన్నారు. రావడానికి నేను రోడ్డు అవతల దాకా వెనక్కి నడిచాను, ఆటోవాడి చేత తిట్లు తిన్నాను.

కూర్పు ప్రకారం చూస్తే నేను తీసిన వాటిల్లో అంత చెత్త ఫొటో లేదు. ఆయన సరిగ్గా నడి మధ్యలో, ఆధార్ కార్డులో ఉన్నట్టు బిగుసుకుని, ఎండకి కళ్ళు చికిలిస్తూ ఉన్నారు. గంటస్తంభం ఆయన తల మీంచి మొలిచినట్టుంది. కింద ఆయన చెప్పిన పేరు, రిక్షా ఎన్నేళ్ళ నుంచి ఉందో ఆయన చెప్పిన లెక్క, ఆయన అడిగినట్టే రాశాను. ఎడిటర్ గారూ, దాన్ని క్రాప్ చెయ్యకండి. బ్లాక్ అండ్ వైట్ కూడా చెయ్యకండి. చొక్కా నీలం రంగుది, మనవరాలు కొనిపెట్టింది.